పాలవ్వ పట్టించిన చిలుము

హైదరాబాద్ పాతబస్తీ గౌలిపురాలో మా గల్లీ రీడింగ్ రూమ్ కిటికీ గట్టు మీద ఒక కంచు ముసలామె కూర్చుని ఉంటుంది. ఎత్తు బెత్తెడు. బెంచీ మీద కూర్చుని, ఒళ్లో బుట్ట పెట్టుకుంది. బుట్టలోంచి ఒక పెద్దబాతు మెడ బయటికి చాచి చూస్తుంటుంది. బాతు మెడకు సన్నని తాడు, ఆ తాడు కొస ముసలామె పిడికిట్లో. దారిన పోయేవాళ్లకు ఆమె కనబడదు. చెప్పులు విప్పడానికి వంగినవాళ్లకు మాత్రం సరిగ్గా కళ్లెదుట పడుతుంది.

ఆమెది హంగేరీ. గౌలిపురాలో హంగేరీ ముసలామెకు ఏం పని అని గల్లీ అంతా అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పాల్సింది కూడా నేనే, ఎందుకంటే ఆమెను రప్పించింది నేను.

నాకు పన్నెండేళ్లప్పుడు ఇదే రీడింగ్ రూమ్‌లో అట్ట ఊడిపోయిన కథల పుస్తకం ఒకటి దొరికింది. హంగేరీ కథలు, ఎవరో తెలుగు చేసినవి. అందులో ఒక పెద్ద కథ నన్ను పట్టుకుంది. ఒక విధవ ముసలామె ఉంటుంది. ఇంటి కప్పు కారుతుంటుంది. బాగు చేయించాలంటే ఉన్న ఒక్క బాతును అమ్మాలి. ప్రతి వారం బాతును బుట్టలో పెట్టుకుని సంతకు నడిచి వెళ్తుంది. ఎవరూ ఇవ్వలేని ధర చెప్తుంది. సాయంత్రానికి బాతుతోనే తిరిగొస్తుంది. చివరి సంతలో ఎర్ర మీసాల మనిషి ఒకడు వచ్చి, ఆమె చెప్పిన ధరకు ‘సరే’ అంటాడు. పేజీ అక్కడ అయిపోతుంది. తర్వాతి రెండు పేజీలు లేవు. ఎవరో చింపుకుపోయారు. ఆ మహానుభావుణ్ని నేను నలభై ఐదేళ్లు తిట్టుకున్నాను.

పోస్టాఫీసు కౌంటర్‌లో ముప్పై ఏళ్లు ఊరివాళ్ల ఉత్తరాలకు ముద్రలు కొట్టి, కాస్త ముందుగానే రిటైరయ్యాక ఈ రీడింగ్ రూమ్ తాళంచెవి నా చేతికి తీసుకున్నాను. జీతం లేదు, సెలవూ లేదు. పుస్తకాల దుమ్ము దులుపుతుంటే ఆ పుస్తకం మళ్లీ చేతికి తగిలింది. రెండు పేజీలు అప్పుడెట్లా లేవో ఇప్పుడూ లేవు. ఉండబట్టలేక, హంగేరీ కథల, రచయితల గురించి పనిచేసే ఒక చోటు అడ్రస్ ఫోన్‌లో వెతికి, నాకొచ్చిన ఇంగ్లిష్‌లో ఒక ఈమెయిల్ పెట్టాను. ‘అయ్యా, ఆ బాతు అమ్ముడుపోయిందా లేదా? దయచేసి తెలుపగలరు.’ నా కోసం నేను పరాయి దేశానికి రాసుకున్న మొదటి ఉత్తరం అదే.

రెండు నెలలకు జవాబు ఒక శిల్పి దగ్గర్నుంచి వచ్చింది. నా ఉత్తరం చేతులు మారి ఆయన దాకా వెళ్లిందట. వాళ్ల కథల్లోని మనుషుల్ని బెత్తెడు కంచు బొమ్మలుగా పోతపోసి, ఏ దేశంలో వాళ్ల కథలు చదివేవాళ్లుంటే ఆ దేశంలో ఒక గోడ వారనో ఒక మెట్టు మీదనో పెట్టి రావడం ఆయన పని. ముగింపు కోసం ఒక మనిషి ఇన్నేళ్లు ఎదురు చూసిన ఊళ్లో ఆ ముసలామె ఉండాల్సిందేనని రాశాడు. నేను నమ్మలేదు. చలికాలంలో నిజంగానే వచ్చాడు. భుజానికి సంచీ, సంచీలో ఉన్ని సాక్సు, సాక్సులో ముసలామె.

బొమ్మను బిగించిన పొద్దున పెద్ద గుంపే చేరింది. హుస్సేనీ ఆలం నుంచి సైకిల్ మీద వచ్చి మాకు ఉర్దూ పేపర్లు వేసే భాయ్ వంగి చూసి, “అరె మేడమ్, ఇత్నీ ఛోటీ? బాకీ కబ్ ఆయేగీ?” అన్నాడు. మిగతాది ఎప్పుడొస్తుందని ఆయన అనుమానం. కూడలి కూడలికీ నిలువెత్తు లీడర్లను చూసిన కళ్లు మావి, తప్పు పట్టలేం.

శిల్పికి నచ్చింది షాబాద్ బండ పరిచిన ఆ కిటికీ గట్టే. పిల్లల చేతికి అందాలన్నాడు. బిగించాక నన్ను దగ్గరికి పిలిచి బొమ్మ రంగు చూపించాడు. ముదురు గోధుమరంగు, మడతల్లో పచ్చటి జీర. మందులు పూస్తూ, మంట చూపిస్తూ మూడు వారాలు కష్టపడితే వచ్చిన రంగట అది. నూరేళ్లుగా వానలో కూర్చున్నదానిలా ఉండాలి, నా పనిలో సగం ఈ రంగే, అన్నాడు. “నేను చూసుకుంటాను, మీరు నిశ్చింతగా ఉండండి” అని మాటిచ్చాను. తర్వాత మెట్ల మీద కూర్చుని చాయ్ తాగుతూ నాకు ముగింపు చెప్పాడు. ఆ ముగింపు మీకు ఇప్పుడే చెప్పను. నేను నలభై ఐదేళ్లు ఆగాను, మీరు రెండు పేజీలు ఆగలేరా?

ఇక పాలవ్వ సంగతి. రీడింగ్ రూమ్‌కు రెండిళ్ల అవతల ఉంటుంది. ఎనభై దాటాయి. గల్లీలో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు, అందరికీ పాలవ్వే. ఒకప్పుడు ఆ ఇంట్లో పదకొండు బర్రెలుండేవి. నేను తాగి పెరిగింది ఆ పాలే. గల్లీలు ఇరుకై, బర్రెలు ఊరి బయటికి పోయి, ఒక్కొక్కటే తగ్గి, ఆఖరి బర్రెను ఆరేళ్ల కింద అమ్మేసింది. ఇప్పుడు వాళ్లింటికి కూడా ప్యాకెట్ పాలే.

చదువు రాదు. కానీ రోజూ పది గంటలకు బువ్వ తిని వచ్చి వరండాలో గోడకు చేరగిలబడి, “పేపర్ల ఏమొచ్చింది బిడ్డా?” అంటుంది. నేను చదివి వినిపించాలి. బొమ్మ వచ్చాక పేపర్ పక్కకు పోయింది. ఎవరీ ముసలిది, బాతును ఎక్కడికి తీసుకపోతున్నది అని ఒకటే అడుగుడు. అట్లా ఆ కథ రోజుకు రెండు పేజీల చొప్పున మొదలుపెట్టాను. ఆమె ఊరికే వినే రకం కాదు. బాతు ఎన్ని గుడ్లు పెడుతుంది, సంత ఎంత దూరం, నడుమ నీళ్లు తాగడానికి బావి ఉందా, అన్నీ తేలాలి. మూడో రోజో నాలుగో రోజో నన్ను మధ్యలో ఆపింది.

“దానికి అమ్మబుద్ధయితలేదు బిడ్డా. అందుకే గంత ధర చెప్తున్నది.”

నేను పుస్తకం మూసి ఆమె వైపు చూశాను. అన్నేళ్లుగా ఆ ముసలామెకు బేరం తెలియదని, అమాయకురాలని అనుకుంటూ వచ్చాను నేను. ఒక గురువారం ఎర్ర మీసాల మనిషి ‘సరే’ అన్న చోటికి వచ్చాం. మిగతాది రేపు చెప్తానని ఊరించి తాళం వేశాను. చిన్నప్పుడు నేను పడ్డ తిప్పలు ఇంకొకరు పడితే చూడాలని కాస్త సరదా, దాచడమెందుకు?

శుక్రవారం వచ్చేసరికి గట్టు మీద ముసలామె కొత్త చెంబులా ధగధగలాడుతోంది. గోధుమరంగు లేదు, పచ్చ జీర లేదు, ఆ మెరుపులో కళ్లేవో ముక్కేదో తెలియడం లేదు. కింద బండ మీద చింతపండు పిప్పి, ఇటుకపొడి. పక్కనే పాలవ్వ, తడి చేతులతో, మెచ్చుకోలు కోసం నా మొహంలోకి చూస్తూ కూర్చుని ఉంది.

“చూసినవా బిడ్డా, ఎట్ల మెరుస్తున్నదో! మస్తు చిలుము పట్టింది. చింతపండుకు పోలే. ఇటుకపొడి ఏసి తోమిన.”

“ఎవలు తోమమన్నరు నిన్ను?”

“ఒకలు చెప్పాల్నా? చిలుము కండ్లకు కనవడ్తలేదా?”

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పోస్టాఫీసులో కూడా ఆ పేరే నాకు. అయినా ఆ రోజు నోటికొచ్చింది మాత్రం కోపం కాదు, అంతకంటే చెడ్డది.

“అది చిలుము గాదు. ఆయన మూడు వారాలు కూసొని తెప్పించిన రంగు. మొత్తం ఖరాబ్ చేసినవు. చదువు రానోళ్లకు గివన్ని ఏం సమజైతయి!”

పాలవ్వ గిన్నెలో మిగిలిన చింతపండు నీళ్లు మోరీలో పారబోసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. “సరే బిడ్డా” అని గోడ పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. వస్తే రానీ, రాకపోతే పోనీ అనుకుని బింకంగా కూర్చున్నాను. అలవాటు కొద్దీ పేపర్ పైకే చదివేదాన్ని. ఖాళీ వరండాకు కూరగాయల ధరలు చదివి వినిపిస్తున్నానని తెలిసి నోరు మూసుకునేదాన్ని. ఆమె కూర్చునే చోట గోడ నూనె తలతో నల్లబడి ఉంటుంది. అటు చూడకుండా కుర్చీ తిప్పుకుని కూర్చునేదాన్ని. నేను ఆ ఇంటి పాలు తాగి పెరిగినదాన్ని. ఆమెను అనరాని మాట అన్నాను.

ఇట్లా ఉండగా శిల్పి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. దక్షిణాదిలో ఇంకో ఊళ్లో ఇంకో బొమ్మ పెట్టాలట, నెలాఖరుకు హైదరాబాద్ మీదుగా వెళ్తాడట, మా ముసలామెను చూసి పోతాడట. ఆలోగా ఆ రంగు మళ్లీ తేవాలి. చెప్తే నవ్వుతారు, మొదట నాకు తోచింది బూట్ పాలిష్. గోధుమరంగు డబ్బా కొని రెండు పూతలు పూశాను. దూరం నుంచి బాగానే ఉంది. సాయంత్రం బడి వదిలాక పిల్లలు వచ్చి బాతు తల నిమిరారు. మర్నాడు ముగ్గురు తల్లులు మరకలు పడ్డ తెల్ల యూనిఫారాలు పట్టుకుని నా మీదికి లొల్లికి వచ్చారు. పాలిష్ అంతా కిరసనాయిలు పెట్టి తుడిచాను. బొమ్మ మళ్లీ మెరిసింది, నన్ను వెక్కిరిస్తున్నట్టే.

ఇక దిక్కులేక పాలవ్వ ఇంటికి వెళ్లాను. ఇత్తడి, కంచు సంగతులు గల్లీలో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియవు కదా అని వెళ్లాను. అంటే పని మీద వెళ్లాను. అది ఆమెకూ తెలుసు.

ఒకప్పటి కొట్టంలో ఇప్పుడు రెండు ఆటోలు పెట్టుకుంటున్నారు. లోపల గోడకు ఒక మేకు, మేకుకు ఒక పాత పలుపుతాడు వేలాడుతోంది. పాలవ్వ మంచం మీద కూర్చుని నన్ను చూసింది గానీ రమ్మనలేదు. నేనే లోపలికి వెళ్లి కింద కూర్చున్నాను.

“చిలుము అంటే ఏందో తెల్సా నీకు?” అని ఆమే మొదలుపెట్టింది. “పాలగిన్నెల చిలుము ఉంటే పాలు ఇరుగుతయి. తాగిన పోరలకు వాంతులు. మా అత్త గిన్నె లోపట ఏలు పెట్టి రాసి చూసేది. ఏలికి పచ్చగ అంటిందంటే ఆ పూట నాకు బువ్వ లేదు. మా పాలు తాగి ఒక్క పోరనికి కడుపు నొచ్చలే ఈ గల్లీల. గల్లీ పోరలు బడికెల్లి వచ్చి ఆ బాతును ముట్టుకుంటరు, గదే చెయ్యి నోట్లె పెట్టుకుంటరు. వారం దినాలు చూసిన. ఎట్ల ఊకుంట చెప్పు?”

నేను రంగును చూస్తూ కూర్చున్నాను, ఆమె పిల్లల చేతులు చూసింది.

“నీ పని కోసం వచ్చినవు. నా కోసం రాలే” అంది.

“అవునవ్వా, పని కోసమే వచ్చిన. కానీ ఆ మాట మాత్రం అనొద్దుండె. ఆ ముసలామెకు అమ్మబుద్ధయితలేదని చదువొచ్చిన నాకు ఇన్నేండ్లు తెల్వలే. నువ్వు నాలుగు దినాలల్ల చెప్పినవు. నోరు జారిన, ఏమనుకోకు.”

ఆమె మంచం మీది చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లోకి తీసుకుని రెండు కాయలు ఒలిచింది. తర్వాత పళ్లెం నా ముందుకు తోసింది, నన్నూ ఒలవమని. అంటే రాజీ అన్నమాట. ఒలుస్తుంటే నా చూపు మేకు మీది తాడు మీదికి పోయింది.

“ఆఖరు బర్రెది” అంది. “బర్రెను అమ్మినా తాడు ఇయ్యం మేము. తాడు ఇంట్ల ఉంటే పాడి మల్ల వస్తదంటరు.”

“మరి వస్తదా అవ్వా?”

“ఏమో. తాడైతే ఉన్నది.” చేతిలో కాయను చిదిమి నవ్వింది. “ఆ బొమ్మకు చిలుము గావాల్నా నీకు? పోగొట్టుడే వస్తదనుకున్నవా నాకు? రాకుండ చూసుకునేటోళ్లకు ఎట్ల వస్తదో తెల్వదా?”

నా ప్రాణం లేచి వచ్చింది. ఆ సంతోషంలో కథ ముగింపు అక్కడే చెప్పేస్తానన్నాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇప్పుడొద్దు. ముందుగాల దాని రంగు రానియ్యి.”

మర్నాడు పది గంటలకు పాలవ్వ వరండాలోకి వచ్చింది. చేతిలో మూడు రోజులు పులిసిన సల్ల, గుప్పెడు ఉప్పు, పాత ధోతి ముక్క. ప్యాకెట్ పాలకు పులుపు కూడా సక్కగ ఎక్కదని తిట్టుకుంటూ గుడ్డను ఉప్పుసల్లలో ముంచి, ముసలామెకూ బాతుకూ కలిపి చుట్టింది. గుడ్డ ఆరకుండా గంటకోసారి తడిపింది. బడి వదిలే వేళకు ముందే వచ్చి కిటికీకి అడ్డంగా కూర్చుని, “ముట్టకుండ్రి, దానికి పెయ్యి మంచిగ లేదు!” అని, జ్వరమొచ్చిన మనిషికి కాపలా ఉన్నట్టు, పిల్లల్ని తరిమింది. నాలుగో రోజు గుడ్డ విప్పితే బాతు మెడ మడతలో సన్నగా పచ్చదనం కనబడింది. ఆమె మొహం వికారంగా పెట్టింది.

“మా అత్త చూస్తే బతకనిస్తుండెనా నన్ను? నా చేతులతోటి నేనే చిలుము పట్టిస్తున్న!”

అట్లా అంటూనే ఇంకా దగ్గరికి వంగి చూసింది. బెంచీ కాళ్ల దగ్గర సరిగ్గా రాలేదని తనే గొణుక్కుని, మళ్లీ గుడ్డ ముంచింది. రెండు వారాలు మాకు అదే పని. పేపర్ ఒకవైపు, సల్ల గిన్నె ఒకవైపు.

శిల్పి వచ్చిన రోజు నేను మెట్ల మీదే అంతా చెప్పేశాను, చింతపండు దగ్గర్నుంచి బూట్ పాలిష్ దాకా. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వంగాడు. ఎంతసేపటికీ లేవలేదు. పాలవ్వ, నేను గోడకు ఆనుకుని పరీక్ష రాసినవాళ్లలా నిలబడ్డాం.

“నా రంగు పోయింది. నాకు బాధగానే ఉంది” అన్నాడు. ఉన్న మాట అన్నాడు, నేను తల వంచుకున్నాను. తర్వాత గోటితో బాతు మెడ గీకి చూసి, “ఈ పచ్చ మాత్రం నాకు ఎప్పుడూ ఇంత మెత్తగా రాలేదు. ఏ యాసిడ్ వాడారు?” అని అడిగాడు.

నేను మజ్జిగ అని చెప్తే నమ్మక పాలవ్వ వైపు చూశాడు. “మూడొద్దుల పుల్లటి సల్ల. ఉప్పు జర చూసి ఏసుకొమ్మను, ఎక్కువైతే పొక్కులొస్తయి” అని ఆమె చెప్పింది. నేను ఇంగ్లిష్ చేశాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఎన్ని రోజులు, ఎంత ఉప్పు అని అడిగి అడిగి రాసుకున్నాడు. ఆ తర్వాత బొమ్మను కాస్త వేడి చేసి మైనం పట్టించాడు. మొదటిసారీ ఇట్లాగే పట్టించాడట, మైనం ఉంటే పచ్చ చేతికి అంటుకోదట. పాలవ్వ నమ్మలేదు. బాతు తలను వేలితో గట్టిగా రాసి, వేలిని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ అంటలేదు.

“గిది ముందుగాలనే చెప్తే అయిపోతుండె గదా బిడ్డా” అంది నాతో. నిజమే. మైనం సంగతి నేను అడగలేదు, రంగు సంగతి ఆమెకు చెప్పలేదు. చదువొచ్చినదాన్ని నేనే కదా.

ఆయన వెళ్లిన మర్నాడు పాలవ్వ రోజూ కంటే ముందే వచ్చి కూర్చుంది. బొమ్మకు రంగు వచ్చింది, ఇక నా వంతు. పుస్తకం తెరిచి, ఎర్ర మీసాల మనిషి ‘సరే’ అన్న చోటు మళ్లీ చదివి, అక్కడి నుంచి శిల్పి చెప్పింది చెప్పాను. ఎర్ర మీసాలాయన డబ్బు సంచీ విప్పుతాడు. అప్పుడు ముసలామె అంటుంది: “నేను చెప్పింది బాతు ధర. బాతు లేకుండా ఇంటిదాకా నేనొక్కదాన్నే నడవాలి, దానికి ధర ఎవరు కడతారు?” బుట్ట ఎత్తుకుని తిరిగి నడుస్తుంది. ఆ రాత్రి వాన. కప్పు కారని మూల ఒక్కటే ఉంటుంది, అందులో ఇద్దరూ సర్దుకుని కూర్చుంటారు. కథ అంతే.

పాలవ్వ కిటికీ గట్టు వైపు చూస్తూ ఉండిపోయింది. కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

“గా మాట నాకు యాదికి రాలే బిడ్డా, బర్రెను అమ్మిననాడు” అంది. తర్వాత పుస్తకం వైపు చెయ్యి చూపించి, “గిప్పుడు చెప్పినవు గదా, గదంత పుస్తకంల రాయి. మల్ల ఎవలన్న చదివెటోళ్లు నీ లెక్క ఆఖరు కోసం కాయిష్ పడాల్నా?” అంది.

నేనెందుకు ఇన్నాళ్లూ ఆ పని చేయలేదో నాకే తెలియదు. రెండు తెల్లకాగితాలు తెచ్చి, రీడింగ్ రూమ్ బల్ల మీద పెట్టుకుని, నా గుండ్రటి పోస్టాఫీసు రాతతో రాశాను. ఒక్కో వాక్యం రాస్తూ ఆమెకు చదివి వినిపించాను. ‘ఇద్దరూ ఆ మూల సర్దుకుని కూర్చున్నారు’ అని రాసి పెన్ను మూయబోతుంటే ఆపింది.

“ఇంకొక్కటి రాయి. బాతు మెడకున్న తాడు కూడ ఎవలకియ్యలే అని రాయి. చూడు, దాని చేతులనే ఉన్నది.”

“అది కథల లేదవ్వా.”

“నీ పుస్తకంల రెండు పేజీలే లేకుండె. నాదొక్క మాట పడ్తదా?”

ఇదివరకటి నేనైతే పెద్ద ఉపన్యాసమే ఇచ్చేదాన్ని, రచయిత రాయనిది మనం చేర్చకూడదని. గట్టు మీది ముసలామెను చూశాను. తాడు నిజంగానే ఆమె పిడికిట్లో ఉంది. పెన్ను తెరిచి రాశాను: ‘తాడు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.’ కాగితాలు పుస్తకం చివర అంటించి, జిగురు ఆరేదాకా చేత్తో అదిమి పట్టుకున్నాను.

“నా మాట యాడున్నది?” అని అడిగింది పాలవ్వ.

ఆమె చూపుడువేలు పట్టుకుని ఆఖరి వరుస మీద పెట్టాను. చింతపండుకూ ఇటుకపొడికీ అరిగి గీతలు పోయిన వేలు అది. ఆ అక్షరాల మీద ఈ కొస నుంచి ఆ కొసకు, తగిలీ తగలనట్టు మెల్లగా జరిపింది. నేను ఆ వేలినే చూస్తున్నానని గమనించినట్టుంది.

“ఫికర్ చెయ్యకు బిడ్డా,” అంది, “దీన్ని తోమను లే.”